గీత గీసేది నీరే

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి దుర్గం దిగువ నుంచి ఆత్మకూరు దాకా, గట్టి వాన పడి కుంటలు నిండిన రాత్రి వినిపించే బెకబెకలు దూరానికి ఒకటే రొదలా ఉంటాయి. కట్ట దగ్గరికి వెళ్లి వింటే ఆ రొద విడిపోతుంది. చెట్టుకప్పది ఒక గొంతు, ఇళ్ల చుట్టూ తిరిగే గరుకు ఒంటి టోడ్‌ది ఇంకొకటి, వరిమళ్లలో ఎగిరే చిన్నకప్పలది మరొకటి. వీటి నడుమ రెండు రకాల బోదురుకప్పలుంటాయి. ఒకటి హోప్లోబట్రాకస్ టైగరినస్: భారీ కాయం, మొనదేలిన ముట్టె, జతకట్టే రోజుల్లో మగది పసుపుపచ్చగా మారి, గొంతుకు రెండు పక్కలా నీలి సంచులు ఉబ్బించి అరుస్తుంది. రెండోది హోప్లోబట్రాకస్ క్రాసస్: కాస్త చిన్నది, పొట్టిగా గుండ్రంగా ఉండే ఒళ్లు, వెనక పాదం అడుగున పారలాంటి గట్టి బుడిపె. ఆ బుడిపెతో నేల తవ్వుకుని ఎండ రోజులు బొరియలో గడుపుతుంది. రెండూ ఒకే ప్రజాతివి. తిండి ఇంచుమించు ఒకటే, గుడ్లు పెట్టేదీ వాన నీళ్లలోనే. పైగా కప్పల్లో ఫలదీకరణ ఒంటి బయట, నీటిలో జరుగుతుంది; ఆడదాని వీపెక్కిన మగది ఏ జాతిదైతే ఆ జాతి వీర్యమే గుడ్ల మీద పడుతుంది. అడ్డం అనదగ్గది కంటికి ఏదీ కనబడదు. అయినా ఇవి రెండూ రెండుగానే మిగిలాయి. దగ్గరి చుట్టాలైన కప్ప జాతులు కలవడమా, విడిగా ఉండడమా అన్నది వాటి రక్తంలో ఒక్కసారే తేలిపోయిన వ్యవహారం కాదనీ, నీరు ఎక్కడ, ఎంత లోతున, ఎన్నాళ్లు నిలుస్తుందన్నది అందులో పెద్ద వాటా తీర్పు చెబుతుందనీ ఈ అధ్యాయంలో నా వాదన.

ఈ రెండింట్లో క్రాసస్‌కు శాస్త్రీయ నామం పెట్టినవాడికి నెల్లూరుతో సంబంధం ఉంది. థామస్ కావెర్‌హిల్ జెర్డాన్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్. పక్షులు, చీమలు, పాములు, కప్పలు, ఏది దొరికితే అది పట్టి చూసేవాడు. యానాదుల గురించి కూడా ఆసక్తిగా తెలుసుకున్నాడు. పెన్నా లోయ తుప్పల్లో ఆయన వెలుగులోకి తెచ్చిన పక్షే కలివికోడి. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో వెలికొండలకు ఆవల, కడప జిల్లా లంకమల వైపు మళ్లీ కనబడి పెద్ద వార్త అయింది. ఆ పక్షి పేరు ముందు కప్ప ఎవరికీ గుర్తు రాదు గాని, 1853లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో దక్షిణాది సరీసృపాల జాబితా అచ్చువేసినప్పుడు దీన్ని రానా క్రాసా అని వేరు చేసినది జెర్డానే. అప్పటికి టైగరినస్‌కు పేరు పెట్టి, 1802 నుంచి లెక్క వేస్తే, అర్ధ శతాబ్దం గడిచింది. స్పిరిట్ సీసాలోని కప్పను బల్ల మీద పెట్టి, పాదం బుడిపె ఎంత పెద్దది, వేళ్ల మధ్య చర్మం ఎంతవరకు వచ్చింది అని చూసి జాతి తేల్చడం ఆనాటి పద్ధతి. ఆ కొలతలు ఇప్పటికీ పనికొస్తాయి. అయితే నడిరాత్రి నీటిలో ఉన్న ఆడకప్ప మగదాని పాదం బుడిపె చూసి ఎంచుకోదు. దాని పద్ధతి వేరు, జాతుల మధ్య గీత నిలవడానికి మొదటి కారణం కూడా ఆ పద్ధతే.

మగకప్పకు ఈ విషయంలో విచక్షణ తక్కువ. నీటి దగ్గర కదిలిన దేన్నైనా పట్టుకోబోతుంది: ఇంకో మగదాన్ని, వేరే జాతి కప్పను, ఒక్కోసారి కొయ్యముక్కను. పొరపాటున పట్టుబడ్డ మగది ప్రత్యేకమైన ఒక చిన్న అరుపు అరుస్తుంది. అది వినగానే పట్టినది వదిలేస్తుంది. ఎంపిక ఉన్నదల్లా ఆడదానిది. అరుస్తున్న మగవాటిలో ఒకదాని వైపు అదే నడిచి, ఈది వెళుతుంది. ఏ వైపు వెళ్లాలో చెప్పేది దాని చెవి. ప్రతి జాతి మగకప్ప అరుపుకూ ఒక స్థాయి, ఒక లయ ఉంటాయి. అరుపులోని తునకలు సెకనుకు ఎన్ని అన్నది జాతిని బట్టి మారుతుంది. ఆడదాని లోపలి చెవి తన జాతి అరుపులోని స్థాయికి ఎక్కువగా స్పందించేలా అమరి ఉంటుంది. కప్ప చల్లని నెత్తురు ప్రాణి కనుక నీరు చల్లబడితే అరుపు లయ నెమ్మదిస్తుంది. విచిత్రమేమంటే చెట్టుకప్పల మీద చేసిన ప్రయోగాల్లో ఆడదాని ఇష్టం కూడా ఆ మేరకే నెమ్మదించింది. ఇంత చక్కగా అమరిన తాళం, తాళంచెవి ఉండగా గీత చెరగడం సులభం కాదు. అందుకే ఒక బోదురుకప్ప వేరే జాతిదాని వీపెక్కి కూర్చున్న దృశ్యాన్ని చూసి సంకరం జరిగిపోయిందని తీర్మానించడం తొందరపాటు. అది మగదాని తొందర, అంతే. ఆడది గుడ్లు వదలకపోతే అక్కడితో సరి. వాన కోసం రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిప్పే కప్పతల్లి ఆటలో ఎవరూ కప్ప జాతి అడగరు. మగకప్ప కూడా దాదాపు అంతే.

గుడ్లు వదిలినా, వీర్యం తగిలినా కథ ముగిసిపోదు. జపాన్‌లోని హిరోషిమా విశ్వవిద్యాలయం పరిశోధకులు మన బోదురుకప్పల కుటుంబంలోని 6 జాతులను, హోప్లోబట్రాకస్, యుఫ్లిక్టిస్, ఫెజెర్వార్యా అనే 3 ప్రజాతుల నుంచి తీసుకుని, ప్రయోగశాలలో సంకరం చేసి ఫలితాలను 2012లో ప్రకటించారు. జత కుదిరాక కూడా పడే అడ్డంకులు ఎన్ని రకాలో ఆ పనిలో కనబడుతుంది. అందులో విశేషం వేరే ఉంది: కొన్ని సంకరాల్లో రెండుకు బదులు మూడు క్రోమోజోమ్ సెట్లున్న పిల్లలు ఎవరి ప్రమేయమూ లేకుండా పుట్టాయి. ఈ కుటుంబపు కప్పల్లో మామూలుగా ఉండేవి 26 క్రోమోజోములు. మూడు సెట్లయితే 39. ఒక జాతి సెట్టు ఒకటి, రెండో జాతివి రెండు. అంటే జాతుల మధ్య తలుపు మూసి ఉన్నప్పుడు కూడా పక్కనుంచి ఒక దొడ్డిదారి తెరుచుకోవచ్చు. సంకర సంతానంలో ఆడమగల్లో ఏదో ఒకటే దెబ్బతింటే అది సాధారణంగా రెండు వేర్వేరు లింగ క్రోమోజోములున్న పక్షమే అవుతుందని 1922లో జె.బి.ఎస్. హాల్డేన్ గమనించాడు. ఈగల్లో, పక్షుల్లో ఈ సూత్రం బాగా కుదురుతుంది. కప్పల్లో చాలా జాతుల లింగ క్రోమోజోములు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి పట్టు సడలుతుంది. సంకర కప్పలు పూర్తిగా గొడ్డుపోకుండా ఎంతో కొంత సంతానం మిగుల్చుకునే సందర్భాలు అందుకే అరుదు కావు.

జాతులు నిజంగా కలుస్తున్న చోట ఏం జరుగుతుందో అన్నింటికంటే బాగా చెప్పే సాక్ష్యం పోలండ్‌లో ఉంది. బొంబినా బొంబినా అనే ఎర్రపొట్ట కప్ప మైదానాల్లోని పెద్ద మడుగుల్లో ఉంటుంది. బొంబినా వేరియెగాటా అనే పసుపుపొట్ట కప్ప కార్పాతియన్ కొండల్లో బండి చక్రాల గాడిలో నిలిచిన నీళ్లలో, నాలుగు రోజులకు ఇంకిపోయే గుంటల్లో గుడ్లు పెడుతుంది. కొండ కప్ప గుడ్లు పెద్దవి, దాని తోకకప్పలు త్వరగా ఎదుగుతాయి, చర్మం మందం. ఎండిపోయే నీటికి తగిన ఏర్పాట్లు. మైదానం కప్పకు ఆ హడావిడి అవసరం లేదు, దానికి వేరే భయం: పెద్ద మడుగులో చేపలు, వేటాడే పురుగులు ఎక్కువ. కొండ, మైదానం కలిసే అంచున ఈ రెండూ కలిసి పిల్లల్ని కంటాయి. యాచెక్ షిమూరా, నిక్ బార్టన్ 1986లో క్రాకోవ్ దగ్గర ఆ అంచును అడ్డంగా కోసినట్టు కొలిచారు. ఒక జాతి జన్యువులు తగ్గిపోయి ఇంకో జాతివి పూర్తిగా నిండడానికి పట్టిన దూరం సుమారు 6 కిలోమీటర్లు. లక్షల సంవత్సరాల కిందట విడిపోయి, మంచుయుగం ముగిశాక మళ్లీ ఎదురుపడి, వేల ఏళ్లుగా పిల్లల్ని కంటున్నా ఆ పట్టీ ఇంకా అంతే సన్నం. కలిసిన చోటల్లా వ్యాపించి రెండు జాతులూ ఒకటైపోవాలి గదా అని మనకు అనిపిస్తుంది. అలా కాకపోవడానికి కారణం లెక్కలో ఉంది: రెండు వైపుల నుంచీ కప్పలు లోపలికి వస్తూనే ఉంటాయి, సంకరాలు మాత్రం సగటున తక్కువగా బతుకుతాయి. రాక ఎంత ఎక్కువో పట్టీ అంత వెడల్పు, సంకరాల మీద దెబ్బ ఎంత గట్టిదో పట్టీ అంత సన్నం. ఈ రెండూ సరితూగిన చోట పట్టీ నిలబడుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజం. పోలండ్‌లో ఒకటి కొండది, ఒకటి మైదానానిది. వాటి పటాలు అంచున మాత్రమే ఒరుసుకుంటాయి. మన బోదురుకప్పలు రెండూ దక్షిణ భారతమంతటా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్నాయి. అంచే లేనప్పుడు అంచున ఏం జరుగుతుందన్న చర్చ ఇక్కడికి ఎలా వర్తిస్తుంది? పటంలో కలిసి ఉండడం, నీటిలో కలిసి ఉండడం ఒకటి కావన్నది నా సమాధానం. జిల్లా పటం మీద రెండు జాతులకూ ఒకే రంగు పూయవచ్చు. ఉదయగిరి ప్రాంతంలో ఒక్క ఊరి పొలిమేర లోపల చూస్తే వెలికొండల నుంచి దిగే వాగు, నాలుగు వారాల్లో ఎండే కుంట, తూములున్న పెద్ద చెరువు, దాని కింద ఆయకట్టు వరిమడి, దిగుడు బావి అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఒక్కోదానిలో నీటి ఆయుష్షు వేరు. బొరియ తవ్వుకోగల జాతికి పొడి నేలలోని చిన్న కుంట చాలు. నీటిని అంటిపెట్టుకునే జాతికి అది చాలదు. క్రొయేషియాలో పెష్చెనిత్సా దగ్గర ఇవే బొంబినా కప్పలను 1990లలో పరిశీలించినప్పుడు తేలింది కూడా ఇదే. అక్కడ సన్నటి పట్టీ లేదు. మడుగు ఉన్న చోట ఎర్రపొట్ట జన్యువులు, గుంట ఉన్న చోట పసుపుపొట్ట జన్యువులు. ఒకే అడవిలో గజిబిజి గళ్ల చీరలా. ఎదిగిన కప్పలు తమకు సరిపడే నీటినే వెతుక్కుంటూ వెళ్లడం వల్ల ఆ గళ్లు నిలిచాయి. అంచు పోలేదు, ముక్కలై ప్రతి గుంట చుట్టూ చేరిందన్నమాట. నెల్లూరు మెట్ట అచ్చం అలాంటి ముక్కల దేశం.

నీటి చుట్టూ ఉండే పరిసరం కూడా ఎంత తేడా చేస్తుందో అమెరికాలోని అలబామా రాష్ట్రం చెరువులు చూపిస్తాయి. ఆకుపచ్చ చెట్టుకప్ప మగవి గట్టు మీది పొదల్లోంచి అరుస్తాయి. మొరిగే చెట్టుకప్ప అనే దాని చుట్టం మగవి నీటిలో తేలుతూ అరుస్తాయి. రెండు జాతుల ఆడవీ చెరువుకు వచ్చేది నేల మీదుగానే. పొదలూ రెల్లూ ఉన్నంతకాలం ఒకరి దారికి ఒకరు అడ్డు రారు. గట్టు నున్నగా చెక్కేసి, చుట్టూ నరికేసిన చేపల చెరువుల దగ్గర మాత్రం సంకరాలు పుట్టుకొచ్చాయి. 1986లో ల్యాంబ్, ఎవైస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాటి మైటోకాండ్రియా డీఎన్‌ఏ పరీక్షించారు. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. మొదటి తరం సంకరాల తల్లి దాదాపు ఎప్పుడూ మొరిగే చెట్టుకప్పే. ఎందుకో ఊహించడం కష్టం కాదు: తమ మగవాటిని చేరడానికి నీటి వైపు నడుస్తున్న ఆ ఆడకప్పలను గట్టున కాపుకాసిన ఆకుపచ్చ మగవి మధ్యలోనే పట్టేసుకున్నాయి. ఎంపిక చేసుకునే హక్కు ఆడదానిదే అయినా, ఆ హక్కును వాడుకునే చోటు నాశనమైతే హక్కు మిగలదు. తాళం పాడవలేదు, తలుపే ఊడిపోయింది.

అలబామా ఉదాహరణలో సంకరం ఒక ప్రమాదం. అమెరికా నైరుతి ఎడారిలో స్పేడ్‌ఫుట్ కప్పల కథ ఇంకా చిత్రంగా ఉంటుంది. నా వాదనకు అదే గట్టి ఆధారం. అవి కూడా క్రాసస్ లాగే పాదం బుడిపెతో నేల తవ్వుకుని, వాన పడిన రాత్రి పైకి వచ్చి, అప్పటికప్పుడు నిండిన గుంటల్లో గుడ్లు పెడతాయి. స్పియా బొంబిఫ్రాన్స్ జాతి తోకకప్పలు నెమ్మదిగా ఎదుగుతాయి, స్పియా మల్టిప్లికాటావి త్వరగా. సంకర తోకకప్పలు బొంబిఫ్రాన్స్‌కంటే వేగం. కారిన్ ఫెనిగ్ 2007లో ‘సైన్స్’ పత్రికలో చూపించినది ఇదీ: లోతు నీటిలో ఉంచినప్పుడు బొంబిఫ్రాన్స్ ఆడకప్ప తన జాతి మగదాని అరుపు వైపే వెళ్లింది, నీరు లోతు తక్కువైతే పరజాతి మగదాని వైపు మొగ్గింది. సంకరం వల్ల నష్టం లేకపోలేదు. మగ సంతానం గొడ్డుపోతుంది, ఆడ సంతానానికి గుడ్లు తగ్గుతాయి. అయినా తోకకప్పకు కాళ్లు రాకముందే గుంట ఎండితే వచ్చేది సున్నా. సున్నా కంటే కొంత మేలు. ఆడకప్ప ఇది లెక్కగట్టి చేస్తుందని కాదు. అలా మొగ్గిన ఆడవాటి సంతానం ఎండే గుంటల్లో ఎక్కువ మిగలడం వల్ల ఆ మొగ్గు తరాల మీద స్థిరపడింది. నీటి లోతు మారితే జాతి గీత జరిగిందన్నదే మనకు ముఖ్యం. అరుపు అదే, చెవి అదే, ఆడది అదే. మారింది నీరు.

ఈ ఉదాహరణలు విన్నవాళ్లు రెండో అభ్యంతరం లేవదీస్తారు, అది మొదటిదానికంటే బరువైనది. కలిసి పిల్లల్ని కనగలిగి, అందులో కొన్నిటికి మళ్లీ పిల్లలు పుడుతుంటే వాటిని రెండు జాతులనడం ఎందుకు? ఎర్నెస్ట్ మేయర్ 1942లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఒక జాతి అంటే తనలో తాను సంతానం కంటూ, ఇతరులతో కలవకుండా వేరుపడ్డ సమూహం. గుర్రానికీ గాడిదకీ పుట్టిన కంచరగాడిద గొడ్డుది కనుక అవి రెండు జాతులని బడిలో నేర్చుకుంటాం. అంత శుభ్రంగా తెగే ఉదాహరణ కాబట్టే పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది, లోకం అంతా అలా ఉండదు. ఐరోపాలో తినే కప్పగా పేరుపడ్డ దానికి 1758లో లిన్నేయస్ జాతి పేరు పెట్టాడు. రెండు శతాబ్దాల తర్వాత, 1960లలో, లెషెక్ బెర్గర్ పోలండ్‌లో తేల్చింది ఏమంటే అది జాతే కాదు, మడుగు కప్ప, కొలను కప్ప అనే రెండు జాతుల సంకరం. బీజకణాలు తయారయ్యేటప్పుడు అది ఒక తల్లిదండ్రి జన్యుసముదాయాన్ని మొత్తంగా వదిలేసి రెండోదాన్నే అందిస్తుంది. తర్వాత తల్లిదండ్రుల జాతుల్లో ఒకదానితో జతకడితే పిల్లలు మళ్లీ సంకరాలుగానే పుడతాయి. దీన్ని ఏ నిర్వచనంలో ఇరికించాలి? కాబట్టి జాతి గీతను గోడ అనుకోవడం మానుకోవాలి. ఏ జన్యువు దాటిందో, ఏది ఆగిందో చూడాలి. బొంబినా పట్టీలో బతుకుకు సంబంధించిన జన్యువులు ఆగిపోతాయి, తేడా పాడా చేయనివి కొన్ని అవతలికి జారుకుంటాయి. ఆఫ్రికా బయటి మనుషులందరిలో, తెలుగువాళ్లతో సహా, దాదాపు 2 శాతం జన్యువులు నియాండర్తాల్‌లవని 2010 నుంచి తెలుసు. అంతమాత్రాన మనం నియాండర్తాల్‌లం అయిపోలేదు.

మూడో అభ్యంతరం ఇంకోవైపు నుంచి వస్తుంది. పొలాల్లో తిరిగేవాళ్లకు ఇటూ అటూ కాని నడిమి రకం కప్పలు కనబడుతూనే ఉంటాయి. సంకరం ఇంత అరుదు, ఇంత కష్టం అయితే ఈ నడిమి రకాలు ఎక్కడివి? ఎక్కువసార్లు దీనికి జవాబు సంకరం కాదు. బోదురుకప్ప వయసునుబట్టి, తిండినిబట్టి పరిమాణం బాగా మారుతుంది. రంగు తడినిబట్టి కూడా మారుతుంది. ఇంకా పెద్ద కారణం, ఒకటి అనుకున్నది నిజానికి చాలా కావడం. వరిమడి కప్పల్ని ఇండియా నుంచి జపాన్ దాకా దాదాపు అన్నిటినీ ఎన్నో దశాబ్దాల పాటు ‘లిమ్నోకారిస్’ అనే ఒకే పేరు కింద జమకట్టారు. ఆ పేరు పుట్టింది జావా కప్పల మీద. డీఎన్‌ఏ చూడడం మొదలయ్యాక అది పదుల జాతుల మూట అని తేలింది. జెర్డాన్ అదే 1853 జాబితాలో పెట్టిన ‘అగ్రికోలా’ అనే పేరు కూడా చాన్నాళ్లు మూలన పడి, ఇప్పుడు మినర్వార్యా అగ్రికోలాగా మళ్లీ వాడుకలోకి వచ్చింది. కనిపించిన నడిమి రూపం మూడో జాతి కావచ్చు, ముసలి కప్ప కావచ్చు. సంకరమని చెప్పాలంటే మైటోకాండ్రియా ఒక్కటీ చాలదు, అది తల్లి సంగతి మాత్రమే చెబుతుంది. కేంద్రకంలోని జన్యువులను కూడా అనేక చోట్ల చూసి, రెండు జాతుల గుర్తులూ ఒకే కప్పలో పక్కపక్కన ఉన్నాయని చూపించాలి. ఈ పట్టుదల లేకుండా రాసిన సంకర వార్తల్ని పక్కన పెట్టడమే మేలు.

ఇంతవరకు ఒప్పుకుంటే తర్వాతి అడుగు తప్పదు. గీతను నీరు గీస్తుంటే, నీటిని మార్చేవాడు గీతను మారుస్తాడు. మెట్ట ప్రాంతపు నీటి లెక్క గత యాభై ఏళ్లలో మారినంతగా అంతకుముందు ఎప్పుడూ మారలేదు. పెన్నా వెలికొండలను చీల్చుకుని బయటపడే చోట సోమశిల దగ్గర 78 టీఎంసీల జలాశయం వచ్చింది. తెలుగుగంగ ద్వారా శ్రీశైలం నుంచి కృష్ణ నీరు అందులోకి చేరుతుంది. సోమశిల కాలువలు అనంతసాగరం, ఆత్మకూరు వైపు పొలాలకు నీళ్లిస్తాయి. ఉదయగిరి దగ్గర గండిపాలెం జలాశయం ఉంది, వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలు కృష్ణ నీటిని ఇటువైపు తేవడానికే తవ్వినవి. మరోవైపు చిన్న కుంటలు పూడిపోయి, దున్నేసి, ఇళ్ల స్థలాలై మాయమవుతున్నాయి. ఫలితంగా నీటి ఆయుష్షు రెండు కొసలకూ జరుగుతోంది: కొన్ని చోట్ల ఏడాది పొడవునా, ఎక్కువ చోట్ల అసలే లేదు. నడుమ ఉన్న నాలుగు వారాల కుంట, రెండు నెలల చెరువు తగ్గుతాయి. తమ తమ నీటిని వెతుక్కుంటూ విడిగా ఉండగలిగిన జాతులకు ఆ వెసులుబాటు తగ్గడం అంటే ఇదే. క్రొయేషియా గళ్లలో గళ్లు చెరిపేస్తే ఏమవుతుందో ఆలోచిస్తే చాలు.

ఒక జాతి సంఖ్య పడిపోవడం కూడా గీతను బలహీనం చేస్తుంది. చేపల శాస్త్రవేత్త కార్ల్ హబ్స్ 1955లో గమనించినట్టు, తన జాతి జత దొరకని అరుదైన ప్రాణే ఎక్కువగా పరజాతితో కలుస్తుంది. మన బోదురుకప్పల సంఖ్య మీదా దెబ్బ పడింది. కప్ప కాళ్ల ఎగుమతి మీద 1987లో నిషేధం వచ్చేదాకా ఇండియా నుంచి ఏటా వేల టన్నులు వెళ్లేవి, వాటిలో సింహభాగం టైగరినస్‌దే. వ్యాపారులు పెద్ద కాళ్లు ఏరుకునేవాళ్లు. అందువల్ల చెరువులో రెండు జాతుల పాళ్లు ఒకే రకంగా తగ్గి ఉండవు. కదిలే గీత తెలుగు నేల మీద కంటికి కనబడే ఉదాహరణ కావాలంటే కోతులున్నాయి. పొట్టి తోక రీసస్ కోతి గోదావరికి ఉత్తరాన, పొడుగు తోక బానెట్ కోతి దక్షిణాన అని ఒకప్పుడు పుస్తకాలు చెప్పేవి. 2011లో వెలువడిన ఒక పరిశీలన రీసస్ ఆ గీత దాటి దక్షిణానికి, బానెట్ ఉన్న చోట్లలోకి చొచ్చుకొచ్చిందని చూపింది. రెండూ కలిసిన గుంపులు కూడా నమోదయ్యాయి. మనిషి పట్టుకెళ్లి వదలడం, గుళ్ల దగ్గర తిండి పెట్టడం అందులో పెద్ద కారణాలు. కప్పను ఎవరూ లారీలో తెచ్చి వదలరు. దానికి బదులు కాలువ తవ్వుతారు.

ఇదంతా పడమటి నెల్లూరులో సంకర కప్పలు నిండిపోయాయన్న వాదన కాదు. బోదురుకప్పల విషయంలో ఆడదాని చెవి, గుడ్డు లోపలి అడ్డంకులు రెండూ గట్టివే కావచ్చు. అలాగైతే నీరు ఎంత మారినా గీత చెదరదు, నా వాదన స్పేడ్‌ఫుట్‌ల దగ్గర ఆగిపోతుంది. దాన్ని తేల్చడానికి ప్రకృతే ఒక ఏర్పాటు చేసిపెట్టింది. క్రాసస్ శ్రీలంకలోనూ ఉంది, టైగరినస్ అక్కడ లేదు. నెల్లూరులో పరజాతి పక్కన బతికే క్రాసస్, శ్రీలంకలో ఒంటరిగా బతికే క్రాసస్, ఒకే కప్పకు రెండు పరిస్థితులు. ముర్రే లిటిల్‌జాన్ 1965లో ఆస్ట్రేలియాలో ఇలాంటి జంటనే తీసుకున్నాడు. లిటోరియా ఎవింగీ, లిటోరియా వెరోక్సీ అనే రెండు చెట్టుకప్పల అరుపులు విడిగా ఉన్న ప్రాంతాల్లో దాదాపు ఒకేలా ఉంటే, కలిసి ఉన్న చోట తునకల వేగంలో బాగా ఎడమయ్యాయి. పొరపాటు జతల వల్ల నష్టపోయిన తరాలు గొంతుల్ని దూరం నెట్టాయన్నమాట. ఆత్మకూరు చెరువుల మీద, శ్రీలంక ఎండు మైదానాల్లో ఒకే నీటి ఉష్ణోగ్రత దగ్గర క్రాసస్ అరుపును రికార్డు చేసి లయ కొలిస్తే మన దగ్గర ఆ నెట్టుడు జరిగిందో లేదో తెలుస్తుంది. రెండు చోట్లా లయ ఒకటే అని తేలితే, ఇక్కడ అలాంటి నెట్టుడు జరగలేదని అర్థం. అప్పుడు, రెండు జాతుల అరుపుల్లో మొదటి నుంచీ ఉన్న తేడా చాలనిదైతే, కాపలా గుడ్డు లోపలైనా ఉండాలి, లేదా కుంటకీ చెరువుకీ మధ్య తేడాలోనైనా ఉండాలి. ఆ రెండింట్లో ఏదో తేల్చేది ఇంకో కొలత: దుర్గం కింది కుంటల నుంచి బొగ్గేరు వెంబడి సంగం దగ్గరి నిలకడ నీళ్ల దాకా వరుసగా తోకకప్పల్ని తీసుకుని, కేంద్రక జన్యువులు చూడడం. సంకర గుర్తులు నీరు త్వరగా ఎండే గుంటల్లోనూ గట్లు చెక్కేసిన చెరువుల్లోనూ ఎక్కువగా కనబడి, నాలుగు నెలలు నీరు నిలిచి గట్టున రెల్లు మిగిలిన చెరువుల్లో కనబడకపోతే గీత గీస్తున్నది నీరే. అన్ని చోట్లా సమానంగా సున్నా వస్తే కాపలా గుడ్డు లోపలే ఉంది.